బుడ్డల పొట్టులో సైకిల్

ఒక సైకిల్‌ను విమానం ఎక్కించబోయి బెంగళూరు విమానాశ్రయంలో వేరుశనగ కళ్లం పెట్టిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఆ ఘనుడు రాసిన ముక్కే ఇప్పుడు చదువుతున్నారు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు వరుసలో నిలబడ్డ వాళ్లంతా నవ్వారు. నవ్వనిది ఇద్దరమే. నేను, నా భార్య శైలజ. సైకిల్ ఆమెది.

ముందు ఆ సైకిల్ సంగతి చెప్పాలి. శైలజ మా మేనమామ కూతురు, ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. పసితనంలో పోలియో సోకి ఎడమ కాలు పొట్టిగా ఆగిపోయింది. నడిస్తే మనిషి ఒక పక్కకు ఒరుగుతుంది. సైకిల్ ఎక్కిందంటే మాత్రం ఆ ఒరుగుడు ఎక్కడికి పోతుందో తెలియదు, వాన తర్వాత పారే వంకలా సాఫీగా సాగిపోతుంది. దానికి కారణం ఎడమ పెడల్. మగ్గాలకు తొక్కుడు చెక్కలు చేసే వడ్రంగి చేత మా మామ ఆ పెడల్ మీద మందపాటి టేకు చెక్క బిగించి, పైన తోలు పట్టీ వేయించాడు. ఆమె పాదానికి తగ్గట్టు చెక్కిన చెక్క అది. తర్వాత సైకిళ్లు మారాయి. ఆ పెడల్ మాత్రం పాతదాని నుంచి కొత్తదానికి మారుతూ ఆమెతోనే ఉంది.

అనంతపురంలో ఆమె వేరుశనగ తెగుళ్ల మీద పరిశోధన చేసేది. నేను ఒక పత్రికలో జిల్లా పేజీలు చూసేవాణ్ణి. నాలుగైదేళ్ల కిందట నెదర్లాండ్స్ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. కొన్నేళ్ల పని. ముందు ఆమె వెళ్లి ఇల్లు చూసుకుంటుంది, తర్వాత నేను వెళ్లాలి. ఇదీ ఏర్పాటు.

“ఆడ సైకిళ్లకు వేరే రోడ్డు ఉంటాదంట బావా! ఆటోలుండవు, లారీలుండవు, అడ్డమొచ్చే ఎనుములుండవు” అంది.

“అయితే ఆడనే ఒక సైకిల్ కొనుక్కో. ఈ మోత ఎందుకు?”

“సైకిల్ కొనొచ్చు. ఈ పెడల్ యాడ కొనాల?”

“పెడల్ ఒకటి తీసుకపో.”

“తెలిసిన సైకిలైతే దిగిన మర్నాడే ఎక్కి పోతా. కొత్తదైతే దాంతో వేగేసరికి వారం పడ్తాది.” చివరికి అసలు సంగతి చెప్పింది. “యాడికి పోయినా ముందు నా కాలే చూస్తారు బావా. తర్వాత మొగం. ఆ తర్వాత పేరు అడుగుతారు. ఆ ఊర్లో నన్ను మొట్టమొదట చూసేటోళ్లు సైకిల్ మీద చూడాల. మొదటి రోజే. కాలు సంగతి తర్వాత తెలిస్తే తెలియనీ.”

మాట ఇచ్చాను. విమానానికి సైకిళ్లు కట్టి ఇచ్చే దుకాణాలు బెంగళూరులో ఉన్నాయని, వాళ్లకు అప్పగిద్దామని ఆమె అంది. ఇక్కడే నాలోని పత్రికా రచయిత లేచి కూర్చున్నాడు.

“దీనికి బెంగళూరా? జిల్లా వార్తలన్నీ రోజూ నాలుగు పేజీల్లో సర్దేటోణ్ణి. ఒక సైకిల్‌ను ఒక పెట్టెలో సర్దలేనా?”

“వార్తలు పట్టకపోతే నువ్వు కత్తిరిస్తావు బావా. సైకిల్‌ను కత్తిరించొద్దు” అంది. కొంత ఆలోచించి ఇంకో మాట చేర్చింది. “ఆ ఎడమ పెడల్ మాత్రం విప్పి నా చేతిసంచిలో పెట్టు.”

“సరే” అన్నాను. నా జీవితంలో నేను అన్న ‘సరే’లన్నిటిలోకీ ఇంత చేతకాని ‘సరే’ ఇంకొకటి లేదు.

కళ్యాణదుర్గంలో నాకు ఖాజా అని చిన్ననాటి మిత్రుడున్నాడు. అతనికి బుడ్డలు వొలిచే మిషన్ ఉంది. బుడ్డలంటే మా వైపు వేరుశనగ కాయలు. శైలజకు చెప్పకుండా సైకిల్‌నూ, కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెనూ ఆటోలో వేసుకుని అక్కడికి పోయాను. అన్నీ కట్టేసి తీసుకొచ్చి ఆమెను ఆశ్చర్యపరచాలని నా ఎత్తు. ఆశ్చర్యపడింది లెండి, కాకపోతే ఇంట్లో కాదు.

“సందుల్లో ఏం కుక్కాల ఖాజా? బుడగల ప్లాస్టిక్ చుట్టాలంటాండారు.”

“ప్లాస్టిక్ ఎందుకప్పా? ఈడ కొండంత పొట్టు ఉండాది. మా నాయన బళ్లారికి కోడిగుడ్లు పొట్టులోనే పంపుతాండె. ఒక్కటన్నా పగిలిందా?”

“గుడ్లు పగలకుంటే సైకిల్ పగుల్తాదా!”

“అదే చెప్తాండా. పైగా బరువుండదు. విమానమోళ్లు నీకు దండం పెట్టాల.”

ఇద్దరు మూర్ఖులు ఒకే అభిప్రాయానికి వస్తే దాన్ని ఎవరూ ఆపలేరు. చక్రాలు ఊడదీశాం, హ్యాండిల్ తిప్పాం, టైర్లలో గాలి తీశాం. ఖాజా పాత పంచె ఒకటి చింపి ముక్కల్లో పొట్టు పోసి గుండ్రటి మూటలు కట్టాడు. పెళ్లికొడుక్కి దిండ్లు అమర్చినట్టు సైకిల్ చుట్టూ ఆ మూటలు అమర్చాం. మిగిలిన ఖాళీలోకి గంపలతో పొట్టు దిమ్మరించాం.

చివరికి చేతిలో ఎడమ పెడల్ మిగిలింది.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. మా పల్లెల్లో విలువైన వస్తువును బీరువాలో పెట్టరు. బీరువా ఉంటే దొంగ అక్కడికే వస్తాడు కదా. మా అమ్మ తన కమ్మలనూ గొలుసునూ విత్తనం బుడ్డల మూటలో అడుగున దాచేది. దొంగ ఎవడైనా మూట విప్పి గింజ గింజ వెతుకుతాడా? అలా పెరిగిన నాకు చేతిసంచి అనేది దొంగల కోసమే కుట్టిన వస్తువులా కనిపించింది.

“సంచి ఎవడన్నా కొట్టేస్తే?” అన్నాను.

“అదీ నిజమే. మూటలో పెట్టేయ్” అన్నాడు ఖాజా.

పెట్టేశాను. ఒక మూట విప్పి, పొట్టు మధ్యలో పెడల్ పెట్టి, మళ్లీ ముడి బిగించాను. ఏడువారాల నగలు దాచిన ఇల్లాలిలా నిట్టూర్చాను కూడా.

ప్రయాణం రోజు పెట్టె కారు మీదికి ఎక్కింది. పెనుకొండ దాటాక శైలజ వెనక అద్దంలోంచి చూసింది.

“బావా, మన వెనక ఏందో రాలుతాంది.”

“దుమ్ము. మన సీమలో కొత్తా?”

“దుమ్ము మన కారు వెనకే వస్తాందే?”

పాటలు పెట్టమని డ్రైవర్‌కు చెప్పాను.

విమానాశ్రయంలో పెద్ద సామాను చూసే చోట మా పెట్టెను యంత్రంలోకి పంపారు. తెర ముందు కూర్చున్న ఉద్యోగి ముందుకు వంగాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగాడు. మా తెలుగు విని అతనూ తెలుగులోకి దిగాడు. హిందూపురం మనిషట.

“ఏం సార్ ఇది? లోపలంతా మబ్బు పట్టినట్టుండాది.”

“సైకిల్.”

“సైకిల్ కనపడతాంది. దాని చుట్టూ ఉండేది?”

“పొట్టు.”

“ఏం పొట్టు?”

“బుడ్డల పొట్టు.”

శైలజ నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఆ చూపు ఎలాంటిదో రాయడానికి నాకున్న ఇన్నేళ్ల పత్రికానుభవం చాలదు.

“ఏమప్పా,” అన్నాడు ఆ ఉద్యోగి నాతో, “వేరే దేశానికి పొట్టు, గింజలు, మట్టి పోనిస్తారా? పురుగులుంటాయి, తెగుళ్లుంటాయి. మేడమ్, మీరు ఏం చేస్తారు?”

“వేరుశనగ తెగుళ్ల మీద పరిశోధన” అంది శైలజ, నేల వైపు చూస్తూ.

అతను నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. “పొట్టు రవ్వ లేకుండా దులిపితేనే పోతాది. బిరీన కానీండి, టైము లేదు.”

పెట్టె మూత తెరిచాను. పైన పెద్ద ఫ్యాన్ ఒకటి తిరుగుతోంది. ఆ తర్వాత జరిగినది కళ్లంలో తూర్పారబట్టడమే. పొట్టు లేచింది. సూటు వేసుకున్న పెద్దమనిషి తుమ్మాడు, ఆయన వెనకాయన తుమ్మాడు, తుమ్ము అలా వరుస చివరిదాకా పోయింది. నేను మాత్రం పట్టు వదల్లేదు. వేరుశనగ పొట్టు ఎంత నిరపాయకరమో ఆ ఉద్యోగికి ఉపన్యాసం ఇస్తూ, రెండు చేతులా మూటలు తీసి శుభ్రం చేసేవాళ్ల నల్ల సంచుల్లోకి విసురుతున్నాను. ఒక మూట బరువుగా తగిలింది. ఆ బరువు చేతికి తెలిసింది, బుర్రకు తెలియలేదు. బుర్ర ఉపన్యాసంలో ఉంది.

శైలజ తన కొత్త దుపట్టాతో చువ్వ చువ్వా తుడిచింది. పెట్టెకు మళ్లీ టేపు వేశారు. సైకిల్ లోపలికి వెళ్లిపోయింది. ఆమె కూడా వెళ్లబోతూ ఆగింది.

“పెడల్ నా సంచిలో పెట్టినావు కదా బావా?”

“భద్రంగా ఉండాది, నువ్వు పో” అన్నాను. నిజంగానే భద్రంగా ఉందనుకున్నాను.

కారు దగ్గరికి వచ్చి జుట్టులో పొట్టు దులుపుకుంటుంటే చేతికి ఆ బరువు గుర్తొచ్చింది. పరిగెత్తాను. నల్ల సంచులు లేవు. శైలజ ఫోన్ పలకలేదు. చెత్త బండ్లు ఆగే చోటికి దారి కనుక్కుని పోయేసరికి బండి వెళ్లిపోయింది. అక్కడి కాపలా మనిషి జాలిగా అడిగాడు.

“ఏం పోయింది సార్? బంగారమా?”

“పెడల్.”

“సైకిల్ పెడలా?” అని అతను హాయిగా నవ్వాడు. ఆ చెక్క సంగతి, ఆమె మొదటి రోజు సంగతి అతనికి చెబుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని కారు వైపు తిరిగాను. ఎక్కడో మబ్బుల పైన ఆమె రేపటి దారిని ఊహించుకుంటూ కూర్చుని ఉంటుంది. ఆ దారిని నేను చెత్తలో వేశానని ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

దిగాక ఫోన్ చేసింది. “సంచిలో లేదే?”

చెప్పాను. అంతా చెప్పాను. తిడుతుందని చెవి ఒగ్గాను.

“సరే బావా. నిద్రొస్తాంది” అని పెట్టేసింది. తిట్టి ఉంటే ఆ రోజు కాస్త నిద్ర పట్టేది నాకు.

ఆమె మొదటి రోజు పనికి వెళ్లి వచ్చి మళ్లీ ఫోన్ చేసేదాకా నేను మనిషిని కాలేదు.

“ఎట్ల పోయినావు?” అన్నాను.

“సైకిల్‌కు చక్రాలు బిగించుకుని, దాన్ని తోసుకుంటా, పక్కన నడిచి పోయినా. పట్టుకోనుంటే నడక సుళువైంది. నా పక్కన అందరూ సర్రుసర్రున పోతాండారు బావా.”

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం ఆగింది. నాకు ఇవాళ్టికీ ఆ ఆగిన చోటే వినిపిస్తుంది.

“ఆఫీసు వాకిట్లోనే అందరూ ఎదురొచ్చినారు.”

“కాలు చూసినారా?”

“కాలెవరు చూసినారు! సైకిల్‌నే చూసినారు. ఒక పెడల్ లేని సైకిల్‌ను అంత దూరం నుంచి విమానంలో ఎందుకు తెచ్చుకున్నావని అడిగినారు.”

“ఏం చెప్పినావు?”

“మా ఆయన ప్యాక్ చేసినాడని చెప్పినా.” ఇప్పుడు ఆమె నవ్వుతోంది. “అందరూ ‘అయ్యో పాపం’ అన్నారు బావా. నా కాలు చూసి ఇంతవరకూ ఎవ్వరూ అంత జాలి పడలే!”

ఆమె నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. ధర్మవరం వడ్రంగి ఇంకో చెక్క చేశాడు. బెంగళూరు దుకాణం వాళ్లు దాన్ని చక్కగా కట్టి పంపారు, చెక్కుచెదరకుండా చేరింది. ఇప్పుడామె ఆ రోడ్ల మీద రోజూ తిరుగుతుంది. కొత్త చెక్క చేయించగలిగాను గానీ, కొత్తగా ఒక మొదటి రోజు చేయించగల వడ్రంగి ఎక్కడా దొరకలేదు.

అందువల్ల అనంతపురం జిల్లాలోని సమస్త బుడ్డల సాక్షిగా, పాఠకులైన మీ ఎదుట నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను ఏ పెట్టే సర్దను. ఏ మూటా కట్టను. పక్క ఊరికి పోయే టిఫిన్ డబ్బాకు మూత కూడా వేరేవాళ్ల చేతే పెట్టిస్తాను. నా భార్య ఒక వస్తువు ఇచ్చి ఫలానా చోట పెట్టమంటే, కళ్లు మూసుకుని ఆ చోటే పెడతాను. అంతకంటే మంచి చోటు నాకు తెలిసినా సరే, తెలియనట్టే ఉంటాను.