టికెట్టమ్మను గుర్తుపట్టిన తలుపు

ఆ వీధిలో ఎవరింటి తాళంచెవి పోయినా ముందు ఇంట్లోవాళ్ళని తిట్టుకుంటారు, ఆ తర్వాత తాళాలాయన్ని తలుచుకుంటారు. వీధి మొదట్లో, మందుల షాపును ఆనుకుని ఉంటుంది ఆయన కొట్టు. మనిషి లోపలికి దూరితే పక్కకి తిరగడానికి వీలుండదు. గోడకి ఇంకా కోయని తాళంచెవులు వరసగా వేలాడుతుంటాయి. బల్ల మీద కోత మిషను, దాని చుట్టూ ఇత్తడి పొడి. పొద్దున ఏ రంగు చొక్కా వేసుకుని వచ్చినా సాయంత్రానికి అది పసుపు చొక్కా అయిపోవాల్సిందే.

ఆయనకి ఒక సూత్రం ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు. "దొంగని ఆపడం ఏ తాళమైనా చేస్తుందండీ. ఇంట్లోవాళ్ళని విసిగించకూడదు, అదీ మంచి తాళమంటే." గొళ్ళేల మీద గొళ్ళేలు బిగించుకుని చివరికి తామే గుమ్మం బయట నిలబడిపోయినవాళ్ళని ఎంతమందినో చూసి చెప్పిన మాట అది. మిగతా విషయాల్లో ఎవరు చెప్పినా వినే మనిషే గానీ, ఈ ఒక్క దగ్గర మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి ఆ సూత్రమే ఆయన్ని ముంచింది.

ఆయన భార్యని వీధంతా టికెట్టమ్మ అంటారు. బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైంది. చిల్లర లేదనేవాడి మొహం చూసి జేబులో ఉందో లేదో చెప్పేస్తుందని పేరు. అంతటి మనిషికి మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయేది, తర్వాత పొయ్యి ఆపడం మరిచిపోయేది, ఆఖరికి తాను రిటైరైన సంగతే మరిచిపోయింది. మధ్యాహ్నం కాగానే పాత డ్యూటీ కోటు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని బయల్దేరేది. ఆవిడది ఎప్పుడూ రెండో షిఫ్టే. ఒకసారి నడిరోడ్డు మీద ఎటు వెళ్ళాలో తోచక నిలబడిపోతే లారీలన్నీ ఆగిపోయాయి. ఒంటరిగా వదలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వదలకుండా కూర్చోవాలంటే కొట్టు మూసేయాలి, కొట్టు మూస్తే ఇల్లు గడవదు.

"బయట తాళం వేసుకుని వెళ్ళు బావా. నీ చేతిలో పనేగా" అన్నాడు బావమరిది. ఆయన టికెట్టమ్మకి తమ్ముడు, రంగుల షాపులో పని. కాస్త తీరిక దొరికితే ఫోనులో వీడియోలు చూస్తాడు కాబట్టి ఆయనకి తెలియని విషయం లేదు.

తాళాలాయనకి మనసొప్పలేదు. లోపల చిక్కుకున్నవాళ్ళని బయటికి తీయడానికి వెళ్ళినప్పుడు తలుపుల లోపలివైపు గోళ్ళ గీతలు చూసిన మనిషి ఆయన. అయినా ఒకరోజు తప్పక అదే చేశాడు. అర్జంటు పని చూసుకుని పరుగున వచ్చి తలుపు తీస్తే, ఆవిడ గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అరవలేదు, ఏడవలేదు.

"డ్యూటీకి ఆలస్యమైపోయిందండీ. ఈ తలుపెందుకు రాలేదు?"

"పట్టేసిందే" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరుండగా పట్టేసిందా?"

ఆ మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఇంకెప్పుడూ ఈ మనిషి మీద తాళం వేయనని ఆ కంచం ముందే అనుకున్నాడు. అలా అనుకున్నాక ఇక మిగిలింది ఒక్కటే. ఆవిడ గడప దాటుతుంటే కొట్లో ఉన్న ఆయనకి ఆ క్షణానే తెలియాలి.

"దానికేముంది బావా, ఇల్లంతా ఫోనులో కనిపించే సిస్టమ్‌లు వచ్చాయి. తాళం, కెమెరా, లైట్లు అన్నీ ఒకదాని మాట ఒకటి వింటాయి" అని బావమరిది ఆయన్ని పెద్ద షోరూముకి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా వీడియోల్లో విన్నదంతా ఏకరువు పెట్టాడు. తాళాలాయన సగం విన్నాడు, అందులో సగం నమ్మాడు.

షోరూములో అమ్మాయి ఓపిక ఉన్న మనిషి. ముందు ఒక తాళం చూపించింది. కెమెరా మాత్రం వేరే కంపెనీది కొనుక్కోవాలంది.

"రెండూ కలిసి పనిచేస్తాయా అమ్మా?"

"దేని పని అది చేస్తుందండీ. ఫోనులో రెండు యాప్‌లు పెట్టుకోవాలి."

అంటే ఒకే తలుపు మీద కాపురం, ఎడమొహం పెడమొహం. కెమెరా చూసింది తాళానికి తెలియదు, తాళం తెరుచుకున్నది కెమెరాకి పట్టదు. అది వద్దన్నాడు.

రెండో దానిలో తాళానికీ కెమెరాకీ బాగానే కుదిరింది గానీ, కెమెరా చూసిందంతా కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో దాస్తారట.

"మా ఇంట్లో మేం తిరిగేదంతా వాళ్ళ దగ్గరెందుకమ్మా?"

"ఎవరూ చూడరండీ."

"చూడనివాళ్ళు దాచుకోవడం ఎందుకు మరి?"

అమ్మాయి నవ్వి మూడోది తీసింది. తాళం, రెండు కెమెరాలు, మధ్యలో చిన్న పెట్టె. కెమెరా ముఖం చూసి పెట్టెకి చెబుతుంది, పెట్టె తాళానికి చెబుతుంది. చూసిందంతా ఇంట్లోనే, ఆ పెట్టెలోనే ఉంటుంది. కరెంటు పోతే ఎలా అని అడిగాడు. బ్యాటరీ ఉందంది. బ్యాటరీ కూడా అయిపోతే? లోపలివైపు పిడి తిప్పితే ఎప్పుడైనా చేత్తోనే తెరుచుకుంటుంది, బయటివైపు తాళంచెవి పెట్టే రంధ్రం ఉందంది. తాళాలాయన వంగి చూశాడు. నిజంగానే రంధ్రం ఉంది. పరాయి ఊళ్ళో చుట్టం కనిపించినట్లు ప్రాణం లేచొచ్చింది ఆయనకి.

చివరగా తన ప్రశ్న అడిగాడు. "ఇంట్లోవాళ్ళని విసిగించదు కదా?"

"ఇంట్లోవాళ్ళ ముఖాలు ఒకసారి నేర్పిస్తే చాలండీ, వాళ్ళ జోలికే రాదు. ఎదురుగా నిలబడితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కొత్తవాళ్ళు కనిపిస్తేనే మీ ఫోను మోగుతుంది."

ఆ మాటతో బేరం కుదిరిపోయింది. తాళం గురించి అడగాల్సినవన్నీ అడిగాడు గానీ, భార్య సంగతి మాత్రం నోరు విప్పి చెప్పలేదు. కట్టుకున్నదాని మతిమరుపు నలుగురిలో చెప్పడం ఆయనకి నామోషీ. అడగని ప్రశ్నకి ఆ అమ్మాయి మాత్రం ఏం జవాబు చెబుతుంది? బావమరిది చెప్పి ఉండొచ్చు, కానీ ఆయన అప్పటికే లైట్లు రంగులు మార్చే పెట్టె దగ్గర నిలబడి తనను తాను మరిచిపోయాడు.

ఒక కెమెరా గుమ్మం బయట, ఒకటి హాల్లో తలుపు పక్కన గోడకి బిగించారు. ముఖాలు నేర్పించేటప్పుడు టికెట్టమ్మ తల దువ్వుకుని వచ్చింది. ఐడీ కార్డు ఫోటోకి కూర్చున్నట్లు గడ్డం పైకెత్తి కూర్చుంది. తెర మీద ఆవిడ బొమ్మ కింద ఆకుపచ్చ అక్షరాలతో 'ఇంటి మనిషి' అని పడింది. ఆయన బొమ్మ కింద, బావమరిది బొమ్మ కింద కూడా అదే పడింది. తర్వాత పరీక్ష పెట్టారు. పక్కింటావిడ వచ్చింది, కొట్లో ఉన్న తాళాలాయన ఫోను మోగింది. మందుల షాపతను వచ్చాడు, మోగింది. బావమరిది వచ్చాడు, ఉలుకూ పలుకూ లేదు. "చూశావా బావా, మనవాళ్ళనీ పరాయివాళ్ళనీ ఎంత బాగా కనిపెడుతోందో" అని మురిసిపోయాడు బావమరిది. టికెట్టమ్మని తలుపు ముందు నిలబెట్టి చూడాలని మాత్రం ఇద్దరికీ తట్టలేదు. ఎవరి కోసం కొన్నారో వాళ్ళని వదిలేసి వీధంతటితోనూ పరీక్ష చేయించిన ఘనులు వీళ్ళు.

ఆ తర్వాత తాళాలాయన చాలా రోజులకి స్థిమితంగా కూర్చుని తాళంచెవులు కోశాడు. ఫోను బల్ల మీదే ఉంది. అది మోగకపోతే ఆవిడ ఇంట్లో ఉన్నట్లే కదా అనుకున్నాడు.

ఒకరోజు భోజనానికి వెళ్ళేసరికి తలుపు వేసే ఉంది. ఆయన్ని చూసి తెరుచుకుంది. లోపల పిలిస్తే పలకలేదు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు, కొక్కేనికి కోటు లేదు. ఫోను తీసి, పెట్టెలో ఉన్న వీడియో వెనక్కి జరిపి చూశాడు.

టికెట్టమ్మ కోటు గుండీలు పెట్టుకుంటూ హాల్లోకి వచ్చింది. తలుపు ముందు నిలబడింది. ఆవిడ ముఖం కింద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి, తాళం గిర్రున తిరిగింది, తలుపు మర్యాదగా తెరుచుకుంది. బయటికి అడుగు పెట్టబోతూ ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, కెమెరా వంక చూసి "వెళ్ళొస్తానండీ" అంది.

ఎక్కడికి వెళ్ళి ఉంటుందో అడగక్కర్లేదు. అయినా దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆయనకి లారీలే కనిపించాయి. ఆవిడకేమైనా అయితే ఇక ఈ జన్మలో తాళం ముట్టుకోనని అనుకుంటూ, ఆయాసపడుతూ పరుగెత్తాడు. బస్టాండు చేరేసరికి తలప్రాణం తోకకొచ్చింది. టికెట్టమ్మ కౌంటరు లోపల, గుమాస్తా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. "చిల్లర తీసి పెట్టుకోండి, చిల్లర" అని క్యూని అదిలిస్తోంది. గుమాస్తా కొత్తవాడే గానీ మంచివాడు, ఆవిడ్ని లేపలేదు. ఆయన అద్దం ఇవతల నిలబడి, అక్కడే అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం బావమరిది వచ్చి యాప్ అంతా గాలించాడు. షోరూము అమ్మాయికి ఫోను చేశారు. ఈసారి తాళాలాయన భార్య సంగతి దాచకుండా చెప్పాడు.

"ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్తే చెప్పే ఏర్పాటు దీనిలో లేదండీ. దీనికి తెలిసినవాళ్ళు రెండే రకాలు, ఇంటివాళ్ళు, బయటివాళ్ళు. మీరు ముందే చెప్పి ఉంటే వేరేది ఇచ్చేదాన్ని."

"ఇప్పుడేం చేయాలమ్మా?"

"ఆవిడ ముఖం తీసేయండి. కొత్త మనిషి అనుకుంటుంది, హాల్లోకి రాగానే మీకు ఫోను మోగుతుంది."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్లేదు బావా" అని బావమరిది గొణిగాడు. బావ చూసిన చూపుకి మిగతాది మింగేశాడు. తర్వాత నెమ్మదిగా "నేను నొక్కనా?" అన్నాడు.

"వద్దు. నేనే నొక్కుతాను."

తెర మీద టికెట్టమ్మ గడ్డం పైకెత్తి చూస్తోంది. 'ఈ వ్యక్తిని ఇంటివాళ్ళలోంచి తొలగించాలా?' అని కింద అడుగుతోంది. చేయక తప్పని పనే, తప్పు పని కూడా కాదు, అయినా తన ఇంట్లోంచి తన మనిషిని తన చేత్తోనే గెంటినట్లనిపించింది. నొక్కాడు. ఆకుపచ్చ అక్షరాలు పోయాయి.

ఇప్పుడు ఆవిడ హాల్లోకి వస్తే చాలు, ఫోను మోగుతుంది. 'కొత్త వ్యక్తి. ఈమె మీకు తెలుసా?' అని అడుగుతుంది. తెలుసంటే మళ్ళీ ఇంటి మనిషిని చేసేస్తుంది. అందుకని ఆయన రోజూ 'తెలియదు' అనే నొక్కుతాడు. మిషను ఆపి, కొట్టు రెక్క దించి, వచ్చినవాళ్ళతో "ఇప్పుడే వస్తానండీ" అని చెప్పి నడుస్తాడు. తలుపు ఆవిడకి దానంతటదే తెరుచుకోదు. పిడి తిప్పితే వస్తుంది గానీ, ఏ వైపు తిప్పాలో తేలేసరికి ఆయన వచ్చేస్తాడు. ఇద్దరూ కలిసి బస్టాండు దాకా నడిచి, కాసేపు బల్ల మీద కూర్చుని, షిఫ్టు అయిపోయిందని చెప్పుకుని తిరిగొస్తారు. ఆ కాసేపట్లో పోయే గిరాకీ పోతుంది.

ఒకరోజు ఆయన వెళ్ళేసరికి ఆవిడ పిడి వదిలేసి, కుర్చీ లాక్కుని తలుపు ముందు కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో ఉంది.

"ఏమండీ, ఈ తలుపు ఇదివరకు నన్ను చూడగానే తెరుచుకునేది. ఇప్పుడు తెరుచుకోవట్లేదు. నన్ను మర్చిపోయిందా?"

పట్టేసిందన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన ఆగాడు. ఇంకో కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అది మర్చిపోలేదే. నేనే మర్చిపొమ్మన్నాను. నువ్వు బయల్దేరితే నాకు తెలియాలని."

ఆవిడ ఒళ్ళో సంచీ సర్దుకుంది. కోపం రాలేదు గానీ, మాట మాత్రం నొచ్చుకున్నట్లే ఉంది.

"నేనెప్పుడూ చెప్పే వెళ్తాను కదండీ."

"చెప్తావే. నాకే వినపడలేదు" అని ఆయన సంచీ అందుకుని లేచాడు.