సిస్టరమ్మ అనని మాట

సిస్టరమ్మ పోయిందని ఆదివారం పొద్దున మదనపల్లె నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. పుంగనూరులో బస్సెక్కి నేను వెళ్లేసరికి ప్రార్థన మొదలైంది. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది.

మదనపల్లెలో నేను డిగ్రీ చదివే రోజుల్లో మేము ఆమె పక్క వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆమె బాగ్దాద్‌లో పిల్లల వార్డులో నర్సుగా చాలాకాలం చేసింది. ఆ దేశానికి సరుకులు పోకుండా ఆంక్షలు పెట్టిన కొన్నేళ్లకు తిరిగొచ్చింది. మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె తలుపే తట్టేవాళ్లు. సూది వేసే ముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకునేది. వాడిన గ్లవుజులు పారేయడానికి మనసు రాక, కడిగి తీగ మీద ఆరేసేది. "ఆడ అలవాటైపోయింది పాపా" అని నవ్వేది.

తొంభైల చివర్లో కుప్పంలో కాలేజీలకు వక్తృత్వ పోటీ పెట్టారు. ఒక దేశాన్ని దారికి తేవడానికి ఆర్థిక ఆంక్షలు పనిచేస్తాయా, లేదా? పనిచేస్తాయని వాదించే వంతు నాకొచ్చింది. వివరాల కోసం సిస్టరమ్మను అడిగాను. రాగిపిండి జల్లిస్తూ చెప్పింది. క్లోరిన్ రాక తాగేనీళ్లు చెడిపోవడం, మంచానికి ముగ్గురు పిల్లలు, విరేచనాలతో వచ్చి దక్కని ఒక పసిబిడ్డ, ఆ బిడ్డ తల్లి.

"ఆయుధాలు ఆపనీ, ఎవురొద్దన్నారు? నీళ్లలో కలిపే మందు యాల ఆపల్ల? ఆ ఏలేవాని ఇంట్లో ఒక్క దీపం ఆరలేదమ్మా. మా వార్డులో ఆరినాయి."

ఆడపిల్లను ఒంటరిగా అంతదూరం పంపనని నాన్న అంటే, ఆమే తోడొచ్చింది. హాల్లో మూడో వరసలో కూర్చుంది. నాకంటే ముందు మాట్లాడిన విద్యార్థి, ఆంక్షల దెబ్బ పాలకులకు కాదు, పేదలకే తగులుతుందని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఓడిపోతానని భయమేసింది. రాసుకున్న కాగితం పక్కన పెట్టేశాను.

"అక్కడ పనిచేసిన నర్సే నాకు చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన పాలకుణ్ణి శపించిందట. అలాంటి తల్లులే రేపు ఆ గద్దెను కూలుస్తారు!"

హాలంతా మోగిపోయింది. మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

తిరుగు బస్సు పలమనేరు దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"ఆ యమ్మ ఎవుర్నీ తిట్లేదు పాపా."

"పోటీ గదా సిస్టరమ్మా. అట్ల చెప్పాల్సొచ్చింది."

"తిట్టే శక్తి యాడుండాది ఆమెకు? పాణం పోయిన బిడ్డను నా సేతిలో పెట్టి, మొగం కడిగియ్యమనింది. అంతే."

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పుంగనూరులో రాజనీతిశాస్త్రం లెక్చరరునయ్యాను. ఆ గద్దెను తల్లులు కూల్చలేదు, ఆంక్షలూ కూల్చలేదు. చివరికి యుద్ధం వచ్చి కూల్చింది. ఆంక్షలు పెట్టమని జనమే కోరిన చోట అవి కొంత పనిచేశాయని, సిస్టరమ్మ పనిచేసిన దేశంలో మాత్రం జనాన్నే పడగొట్టాయని ఏటా తరగతిలో చెబుతాను. నేను మార్చి చెప్పిన మాట సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఒకసారి సిస్టరమ్మను మా కాలేజీ పిల్లలతో మాట్లాడమని పిలిచాను. "నీకు తెలుసు గదమ్మా, నువ్వే సెప్పు" అంది. అందులో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. కనిపించలేదు.

సమాధి దగ్గర ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "అక్క అందరికీ సెప్పుకొనేదమ్మా. నేను సూసిందంతా మా పాప కుప్పంలో పెద్ద సభలో సెప్పిందని."

నా పరువు కోసం అన్నేళ్లూ ఆమె అబద్ధమాడింది. నేను అవునన్నట్టు తల ఊపాను.

మర్నాడు తరగతిలో జరిగిందంతా చెప్పేశాను. ముందు బెంచీలో ఒకమ్మాయి అడిగింది, "ఆమెకు సారీ చెప్పినారా మేడమ్?"

లేదు. పోయిన ఎండాకాలం అందుకే మదనపల్లె వెళ్లాను. సిస్టరమ్మ వసారాలో కూర్చుని, ఎవరో పక్కింటివాళ్ల పసిబిడ్డ గుండెకు చెవి ఆనించి ఉంది. కళ్లు మూసుకుంది. నేను గేటు తీయబోయాను. ఎవరొచ్చారో చూడకుండానే, చప్పుడు చేయొద్దని ఒక చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి దిగకముందే నేను గేటు వదిలి వెనక్కి వచ్చేశాను.