మా అత్త పట్టిన కొత్తిమీర వాసన

మేము చదువుకునే కాలంలో చదువుకి కళ్ళుంటే చాలనుకునేవాళ్ళం. ముక్కు కూడా కావాలని నాకు తెలియజెప్పింది బడి మొహం చూడని మా మేనత్త. అప్పుడు నేను మదనపల్లెలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టేమో కొత్తిమీర ఆకులోంచి సుగంధ తైలం తీయడం. నాలుగు నెలలు ఆరు గోతాల ఆకుని ఆవిరి పట్టిస్తే, కంటిచుక్కల మందు సీసాలో అడుగు తడిసేంత నూనె వచ్చింది. (ఊళ్ళో వాళ్ళకి లారీ లోడని చెప్పాను. మీరు కాబట్టి తగ్గించాను.) మర్నాడు కుప్పంలో పరీక్ష. ఆ సీసా బల్లమీద పెడితే డిగ్రీ, లేకుంటే మళ్ళీ ఏడాది, మళ్ళీ ఆరు గోతాలు.

దారిలో పుంగనూరులో అత్త ఇంట్లో దిగి, అన్నం తిని, సీసాని భద్రంగా తలగడ గలీబులో దోపి నులకమంచం మీద కునుకు తీశాను. మూత సరిగ్గా బిగించలేదు. నాలుగు నెలల కొత్తిమీరకి నా ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చింది కాబట్టి నాకేమీ తెలియలేదు. అత్త ముక్కు మాత్రం డ్యూటీలోనే ఉంది. మజ్జిగ తెస్తూ గడపలోనే ఆగిపోయింది.

"లెయ్యి అబ్బీ. హాస్టల్లోంచి నల్లుల్ని తెచ్చినావు."

"నల్లులు కాదత్తా, కొత్తిమీర."

"ముప్పై ఏండ్లుగా చారు పెడతాండా. కొత్తిమీర ఎట్లుంటాదో నువ్వు నాకు చెప్తావా?"

సీసా తీసి చూపించేలోగా నన్ను స్నానానికి తరిమింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మంచం ఎండలో నిలబడి ఉంది, నులక సందుల్లో సలసల కాగే నీళ్ళు పడుతున్నాయి, తలగడకి గోడమీద దెబ్బలు పడుతున్నాయి. మూడో దెబ్బకి సీసా పగిలింది. ఆ వాసనకి పక్కింటివాళ్ళు వాళ్ళ మంచాలు బయటేశారు, వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు. ఆ మధ్యాహ్నం పుంగనూరులో మంచమ్మీద పడుకున్నవాడు లేడు.

నాకు మిగిలింది గలీబు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని పొద్దున్నే కుప్పం బస్సెక్కి, సీనియర్ నోట్సు చూసి ఎక్కించుకున్న నా నోట్సుని మొదటిసారి చదివాను. కొత్తిమీర ఆకు వాసన ఆల్డిహైడ్లనే పదార్థాలదట. నల్లి వదిలే వాసనలోనూ వాటి దగ్గరి చుట్టాలే ఉంటాయట. పలచబడితే చారు, చిక్కబడితే నల్లి.

పరీక్షకొచ్చిన పెద్దాయన నూనె ఏదన్నాడు. గలీబు బల్లమీద పెట్టాను. ఆయన వాసన చూశాడు, లేచి తన కుర్చీని తలకిందులు చేసి చూశాడు.

"నల్లులు కాదు సార్, ఆల్డిహైడ్లు," అన్నాను.

"ఏ మిషన్‌లో పెట్టి తేల్చినావు?"

"మా అత్త సార్."

జరిగిందంతా చెప్పించుకున్నాడు. నవ్వలేదు. చాలాసేపు ఏదో రాసుకుని, "మీ అత్త పాసయింది. ఆమెతో పాటు నువ్వూ పో," అన్నాడు.

ఇప్పటికీ నేను వస్తున్నానంటే అత్త ముందుగా మంచాన్ని ఎండలో వేయిస్తుంది. ఈమధ్య వెళ్ళినప్పుడు చారు పోసి పక్కనే కూర్చుంది. "కొత్తిమీర వేసినానో లేదో సూడు నాయనా, నాకు వాసన తెలీడం లేదు," అంది. నా ముక్కు కూడా ఆ రాజీనామా వెనక్కి తీసుకోలేదు. గరిటెతో అడుగు దాకా కలిపి చూశాను. ఒక్క ఆకు లేదు.

"ఘుమఘుమలాడతాండాది అత్తా," అని మళ్ళీ పోయించుకున్నాను.