చెయ్యి కడుక్కునే నీళ్లు

మా బాబాయి పోయాడని సోమవారం పొద్దున పిన్ని కబురు చేసింది. నాన్నకి సొంత తమ్ముడు, బారిడీహ్‌లో మా క్వార్టర్ల వరసలోనే ఉండేవాడు. అయినా నాకు ఎక్కువగా గుర్తొచ్చేది బిష్టుపూర్‌లోని కంపెనీ ఆఫీసులో కంప్యూటరు గదికి పెద్దగానే. ఎనభైల్లో ఆ గదిలో నేను ఆపరేటరుని. అక్కడ బాబాయీ అంటే పలికేవాడు కాదు, సార్ అనాలి.

కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియని రోజులవి. పోగానే బ్యాటరీలు అందుకునేవి, కానీ కాసేపే. యంత్రానికి ఆ సంగతి పట్టేది కాదు. బ్యాటరీ అయిపోయేదాకా పనిచేసి, ఫైళ్లు సగం రాసి చచ్చేది. బాబాయి దానికి బుద్ధి చెప్పే ప్రోగ్రాం ఒకటి రాశాడు. కరెంటు పోతే కాస్త ఆగి చూడాలి. రాకపోతే కొత్త పని తీసుకోకుండా, తెరిచిన ఫైళ్లు మూసి, తనంతట తనే ఆగిపోవాలి. బ్యాటరీ సగం ఉండగానే ఆపడమెందుకు, ఇంకాస్త పని లాగొచ్చుగా అని మేం గొణిగాం.

"సెంబులో నీళ్లన్నీ తాగేత్తే సెయ్యేటితో కడుక్కుంటావమ్మా?" అన్నాడు.

దసరాకిచ్చే పూజా బోనసు లెక్కలు నడుస్తున్న మధ్యాహ్నం కరెంటు పోయింది. చెల్లింపు మర్నాడే. కొత్తబట్టలకి ఆ డబ్బు మీదే ఆశపెట్టుకున్న ఇళ్లలో మాదీ ఒకటి. ప్రోగ్రాం ఫైళ్లు మూస్తుండగా లైట్లు వెలిగాయి, హమ్మయ్య అనుకున్నాం. ఇక మూయడం ఆపించమని అకౌంట్స్ ఆఫీసరు హిందీలో ముందు బతిమాలాడు, తర్వాత గద్దించాడు. బాబాయి కీబోర్డుకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నాడు. మొదలెట్టాక పూర్తిగా మూయాల్సిందే, తెరవడం తర్వాతి మాట అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

చివరి ఫైలు మూతపడిన కాసేపటికే కరెంటు మళ్లీ పోయింది. బ్యాటరీలు తిరిగి నిండనేలేదు. పని మధ్యలో ఉండుంటే మూసే వ్యవధే దొరికేది కాదు. సాయంత్రం కరెంటొచ్చాక ఆగిన చోటి నుంచే అందుకున్నాం, మర్నాడు అందరికీ బోనసు అందింది. ఆఫీసరు మిఠాయి పంపాడు. బాబాయి మొహమాటం లేకుండా తిన్నాడు.

తొందరపడకుండా ఉండడం నేను నేర్చుకున్నది ఆ గదిలోనే. ఆ రుణం తీరేది కాదు.

పోయిన నెల, ఇక చేసేదేం లేదని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో తను చూసుకునే పనులు ఒక్కొక్కటే పిన్నికి నేర్పసాగాడు. మధ్యలో బాగా తేరుకున్నాడు, కూర్చుని అన్నం తిన్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది.

"లేసి కూకున్నావు కదా, ఇంకివన్నీ నాకెందుకు?" అంది.

"కరెంటొచ్చినాదని మజ్జిలో ఆపకూడదే."

గుమ్మంలో నిలబడి విన్న నాకు ఏడుపు ఆగలేదు.

ఆ పూట పాఠం ఫ్యూజు. మెయిన్ ఆపేసి, పిన్ని స్టూలెక్కి కొత్త తీగ చుడుతోంది. బాబాయి మంచం మీంచి టార్చి పట్టాడు. చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, ఆ వెలుగుని పిన్ని వేళ్ల మీంచి కదలనివ్వలేదు.