ఊరి పాపాలన్నీ తిమోతివే

పాస్టరు తిమోతికి ఒకటే పిచ్చి. ఊళ్ళో ఎవరు తప్పు చేసినా, ఆదివారం ప్రార్థనలో అది తానే చేసినట్టు ఒప్పుకునేవాడు.

ప్రార్థన వంకతో పక్కవాడి తప్పులు దేవుడికి చేరవేసే బోధకులు కృష్ణా నదికి ఇవతలా ఉన్నారు, అవతలా ఉన్నారు. నాలుగూళ్ళు తిరిగినవాళ్ళకు అది కొత్త కాదు. దేవరకొండ పక్క పల్లెలో తిమోతి మాత్రం తిరగేసి చదివేవాడు. "నిన్న కల్లు తాగి బాటల పడ్డ, ప్రభువా, మన్నించు" అని ఆయన కళ్ళు మూసుకోగానే, అందరి కళ్ళూ తెరుచుకుని, అసలు తాగి పడ్డ ఎల్లయ్య మీద వాలేవి.

ఇంటికి రాగానే భార్య సారమ్మ అందుకునేది.

"కల్లు వాసనకే కడుపుల తిప్పుతది నీకు. బాయికాడ ఆడోళ్ళు ఏమడుగుతున్నరో ఎరుకేనా?"

"ఏమడుగుతున్నరు?"

"అయ్యగారు తాగింది ఏ చెట్టు కల్లో జర కనుక్కోమంటున్నరు!"

"పెద్దోడు ముందు నడవాలె సారా."

"పాపంల గూడనా?"

దానికి ఆయన నవ్వేసేవాడు.

రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. దొరల మీద తిరగబడ్డ సంఘం దళాల కోసం గుట్టలు గాలిస్తూ, ఒక పొద్దున ఊరినంతా చావడి ముందు నిలబెట్టారు. మధ్యలో గుట్టల్లో దొరికిన, జొన్న గటక అంటిన కుండ ఒకటి. అఫ్సర్ మాటను పటేలు తెలుగు చేశాడు:

"దళమోళ్ళకు గటక పోసిందెవరు? చెప్పకుంటే మగోళ్ళందరిని క్యాంపుకు తోలుకపోతరట."

సారమ్మ ఆ కుండను గుర్తుపట్టింది. గొర్లకాపరి గుర్వమ్మది. ఏనాడూ ప్రార్థనకు రాని మనిషి, ఆకలన్నవాళ్ళకు కాదనని మనిషి. గుర్వమ్మ పక్కనే నిలబడి సారమ్మ చెయ్యి పట్టుకుంది.

తిమోతి ముందుకొచ్చాడు. "నేనే పోసిన సాబ్."

పటేలుకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. "నమ్మకున్రి సాబ్. ఎవరేం చేసినా నేనే అంటడు. మొన్న పెళ్ళాన్ని కొట్టిన అన్నడు. కొట్టింది అంజయ్య, వాని పెళ్ళాన్ని! కావాల్నంటే ఈయన పెళ్ళాన్నే అడుగున్రి."

అఫ్సర్ సారమ్మ వైపు తిరిగాడు. పటేలు ఆయన మాట అందించాడు: "కొట్టిండా?"

లేదని చెబితే మొగుడు ఇంటికొస్తాడు, గుర్వమ్మ దొరికిపోతుంది. సారమ్మ గుర్వమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

"కొట్టిండు సాబ్. ఈయన అబద్ధమాడడు."

తిమోతిని జీపెక్కించారు. క్యాంపులో దెబ్బలు తిన్నాడు. అడిగిన ప్రతి నేరమూ ఒప్పుకున్నాడు. వంతెన కూల్చింది నేనే, ధాన్యం పంచింది నేనే. నార్కట్‌పల్లి బాటలో టెలిఫోన్ తీగలు తెంపింది కూడా నేనే అన్నాడు. ఆ తీగలు తెగిననాడు ఆయన వాళ్ళ క్యాంపులోనే బందీగా ఉన్నాడు. అఫ్సర్ తల పట్టుకుని, "ఈ పాద్రిని ఊరికి తీసుకుపోండి, నాకు పిచ్చెక్కుతోంది" అన్నాడు.

వచ్చిన ఆదివారం ప్రార్థన గుడి నిండింది. గుమ్మం దగ్గర గుర్వమ్మ కూడా కూర్చుంది. తిమోతి వాచిన కళ్ళు మూసుకున్నాడు.

"మిలిటరీ సాబు ముందు అబద్ధమాడిన, ప్రభువా..."

"జర ఆగు!" సారమ్మ లేచింది. "అబద్ధమాడింది నేను. నా పాపం నాకిడిసిపెట్టు."

తిమోతి ఒక కన్ను తెరిచాడు.

"అండ్ల సగం నాది గూడ ఉంది సారా."

ఆయన సొంత పాపం ఒప్పుకోవడం ఊరు వినడం అదే మొదలు.