చాంపియన్ పక్క సీట్లో

2022 చలికాలం. తార్నాకలో నా డ్రైవింగ్ స్కూలు అప్పటికే పాతబడింది. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద, చెయ్యి కుదిరాక హబ్సిగూడ ట్రాఫిక్‌లో నేర్పించడం నా పద్ధతి. మా తాతగారి ఇంటి ముందు కార్లు వరుసగా నిలబడి ఉండేవి. వాటిని నడిపేవాళ్లు వేరే ఉండేవారు. భూములూ కార్లూ పోయాక, మా వాళ్లలో స్టీరింగ్‌ను నమ్ముకుని బతికినవాణ్ని నేనొక్కణ్నే. బంధువులు దాన్ని చిన్నతనం అనుకున్నారు. నేను అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఏనాడూ కారెక్కలేదు. నేర్చుకునేవాళ్లు ఎంతటివాళ్లయినా నా మాట దాటనివ్వలేదు.

ఒకరోజు సరిత అనే స్కూల్ టీచరు తన తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాను. యాదగిరిగారు. ఒకప్పుడు సెలూన్ కార్ రేసుల్లో జాతీయ చాంపియన్. మనం రోడ్డు మీద చూసే మామూలు కార్లకే సీట్లు పీకేసి, లోపల ఇనుప పంజరం బిగించి పరుగెత్తించే పోటీలవి. అంబర్‌పేట్ లారీ మెకానిక్ కొడుకు, చెన్నై దగ్గరి ట్రాక్ మీద కంపెనీల జట్లను వెనక్కి నెట్టారు. వయసు మీదపడ్డాక స్పాన్సర్లు తప్పుకున్నారు. కొన్నాళ్లు టైర్ల కంపెనీలో టెస్ట్ డ్రైవరుగా చేసి, తర్వాత హబ్సిగూడలో గ్యారేజీ పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి. కంటి పరీక్షకు మాత్రం "నా కండ్లకేమైంది?" అని వెళ్లలేదట.

"మనవరాలిని బడికి తనే దింపుతనంటడు సార్," అంది సరిత. "నేనొద్దంటే తిడ్తడు. మీరు నడిపిచ్చి చూసి చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటనన్నడు."

"ఇంట అన్న. ఒప్పుకుంట అన్లే," అన్నారాయన.

నా కారులో డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే పక్క సీట్లో కూర్చున్న నా కాళ్ల కింద కూడా ఒక బ్రేకు, క్లచ్చు. మర్నాడు క్యాంపస్‌లో ఆయన అద్దం సర్దుకుంటూ అన్నారు:

"దొరా, నీ బ్రేకు మీదికెల్లి కాలు తియ్యి. నా ఇజ్జత్ పోతది."

"తీయను. ఎవరికైనా ఇదే పద్ధతి."

"గట్లనే కూసో. నిద్రొస్తే పండు."

గేరు మారినట్టు చెవికి తెలియలేదు. మలుపుకు ముందే వేగం దించి, లోపలికి ఒంచి, తేలిగ్గా బయటికి లాగే ఆ తీరు చూస్తుంటే నా కాలు దానంతటదే వదులైంది. ఎడమ మలుపుల్లో ఫుట్‌పాత్ అంచును రాసుకుంటూ పోయేవారు. మలుపు లోపలి అంచును దాదాపు తాకుతూ పోవడాన్ని రేసుల్లో ఏపెక్స్ పట్టడం అంటారు. "అన్న ఇంకా గీత తప్పలే" అని గ్యారేజీ మనుషులు మురిసిపోయేవారట. నేనూ మురిశాను.

మరుసటి రోజు తిన్నటి రోడ్డు మీద కూడా కారు ఎడమ అంచుకే ఒరిగింది. తిన్నటి రోడ్డులో ఏపెక్స్ ఎక్కడిది? కాలు మళ్లీ బ్రేకు మీద పెట్టాను.

హాస్టళ్ల దారిలో ఎడమ పక్కగా ఒక విద్యార్థిని సైకిల్ నడిపించుకుంటూ పోతోంది. ఆయన ముఖంలో మార్పు లేదు. కారు వేగమూ తగ్గలేదు. నేను తొక్కాను. సైకిల్ వెనక చక్రానికి బెత్తెడు దూరంలో ఆగాం.

"ఎందుకు తొక్కినవ్? రోడ్డు ఖాళీనే ఉన్నది గద!"

"ఎడమ పక్క చూడండి."

"చూస్తనే ఉన్న. ఏమున్నదాడ?"

ఆ అమ్మాయి బానెట్ మీద ఒక్క చరుపు చరిచింది. "ఏంది అంకుల్! గింత పెద్ద సైకిల్ కనబడ్తలేదా? ఎవడిచ్చిండు నీకు లైసెన్సు?"

గొంతు విని, మెడ మొత్తం తిప్పి, అప్పుడు చూశారు. చాలాసేపు చూశారు. "తప్పయింది బిడ్డా," అన్నారు.

ఆమె వెళ్లిపోయాక కారు పక్కకు తీయించాను.

"సరితకు చెప్పకు దొరా," అన్నారు. గొంతులో వేళాకోళం లేదు. "బడి ఎంత దూరం? గల్లీలకెల్లి పోత. మెడ తిప్పుడు అలవాటు చేస్కుంట."

మా నాన్నగారు కార్లన్నీ పోయాక కూడా బయటికి బయల్దేరితే వాకిట్లో ఒక్క క్షణం ఆగేవారు, ఎవరో వచ్చి తలుపు తెరుస్తారన్నట్టు. మేమెవరం ఏమీ అనలేదు. ఆయన ఆగినందువల్ల ఎవరికీ దెబ్బ తగలదు. ఇది అలాంటిది కాదు.

"మీ మనవరాలు కారులో ఏ పక్క కూర్చుంటుంది?" అని అడిగాను.

ఆయన ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి నాకివ్వబోయారు. చెయ్యి నా దాకా రాలేదు, సీట్ల మధ్యే ఆగిపోయింది. నేనే ముందుకు వంగి అందుకున్నాను.

"నువ్వే నడుపు," అని దిగిపోయారు.

కళ్లు బాగానే ఉన్నాయనీ, దెబ్బ మెదడులో తగిలిందనీ, పక్షవాతం రెండు కళ్లలోనూ ఎడమ సగం చూపును తీసుకుపోయిందనీ తర్వాత డాక్టరు చెప్పారు. అటు చీకటి కూడా ఉండదట. అటు పక్కనేదో ఉందనే తోచదట. అప్పటిదాకా నేను నేర్చుకునేవాళ్ల చేతులు చూసేవాణ్ని. ఇప్పుడు మొదట మెడ చూస్తాను. పనితనం ఉన్న చేతులు చూపు పోయిందన్న సంగతి చివరిదాకా బయటపెట్టవు.

ఆయన ఇక నడపకూడదని సరితకు నేను చెప్పింది తప్పు కాదు. కాని ఆయన గ్యారేజీకి వెళ్లడం మానేశారు. టీవీలో రేసు వస్తే లేచి లోపలికి వెళ్లిపోతున్నారని సరిత చెప్పింది. నా డ్యూయల్ కంట్రోల్ కారుంది, క్యాంపస్‌లో ఖాళీ మైదానాలున్నాయి. ఓ ఆదివారం పొద్దున నేను పక్కన కూర్చుని, "ఒక్క చుట్టు తిప్పండి" అని ఉండవచ్చు. అనలేదు. ఒకరి చేతిలోంచి స్టీరింగ్ ఎప్పుడు తీసుకోవాలో ఈ వృత్తి నాకు నేర్పింది. తీసుకున్నాక వాళ్ల గుమ్మం తొక్కాలని నాకు నేనుగా తెలుసుకోవలసింది.

కిందటేడు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర సరిత కారు మా కారు పక్కనే ఆగింది. నేర్చుకునే అతని పక్క సీట్లో నేనున్నాను. యాదగిరిగారు వెనక సీట్లో నిటారుగా, ముందుకు చూస్తూ కూర్చున్నారు. నమస్కారం పెట్టాను. నేనున్నది ఆయనకు ఎడమ పక్క. రోడ్డు మీద కేకేసి పిలవడం మా ఇంట లేదు. పచ్చ లైటు పడేదాకా చేతులు జోడించే ఉంచాను.