ఉప్పలయ్య చేతి మచ్చ

మా ఆయన ఉప్పలయ్యంత పిరికోడు మిర్యాలగూడ తాలూకాల ఇంకోడు లేడు. కట్టుకున్నదాన్ని గనుక నేను అంటున్న, ఇంకెవరన్న అంటే మాత్రం ఊకోను. బల్లి మీద వడితే రెండు దినాలు అన్నం ముట్టకపోయేది. గసువంటోనికి సర్కారు ఏం నౌకరి ఇచ్చిందో తెలుసా? అమ్మవారి టీకాలు ఏసే నౌకరి! సైకిలేసుకొని గుట్టలల్ల, అడవులల్ల ఉన్న తండాలన్నీ తిరగాలె.

సాగర్ కాలువలు తవ్వుతున్న కాలమది. టౌన్ దాటంగనే తారు రోడ్డు ఖతం. ఆడికెళ్ళి కంకర రోడ్డు, టైరు కింద రాళ్ళు ఎగిరి పిక్కలకు తాకుతుండె. ఆరు మైళ్ళు పోతే కంకర గూడ ఉండది, ఉత్త ఎర్ర మొరం బాట. ఎక్కుడు కాడ దిగి నూకాలె. దిగుడు కాడ రెండు బ్రేకులు వట్టుకొని ఉన్న దేవుళ్ళందరినీ తలుసుకోవాలె. రెండు దిక్కుల తునికి చెట్లు, ఎండకాలమొస్తే ఆ పండ్లకు గుడ్డేలుగులు దిగుతయి. అందుకే మా ఆయన అడవిల అడుగు వెట్టినకాడికెళ్ళి బయట వడేదాక గంట కొడుతనే ఉండేది. సైకిల్ షాపు నాగయ్య మూడు నెలలకోసారి గంట మార్చుకుంట, "ఏం సారూ, గంట కొడుతున్నవా, నంజుకుంటున్నవా?" అని నవ్వేది.

ఆ ఏడు ఎండకాలం మొదట్ల జంటగుట్టల తండల అమ్మవారు పోసిందని కబురొచ్చింది. తెల్లారంగనే పోయి టీకాలు ఏసి రమ్మని పై సారు హుకుం. మా ఆయన రాత్రి బువ్వ తినలే. పొద్దుగాల లేవంగనే, "సువర్ణా, నువ్వు గూడ రా. ఆడోళ్ళు మొగోనికి చెయ్యి ఇయ్యరు" అన్నడు. ఆడోళ్ళ ముచ్చట వట్టిదే, ఒక్కడే పోవాలంటే పానం వోతున్నది. నాకు తెల్వదా? అయినా చీర సవరించుకొని క్యారియర్ మీద కూసున్న, మందు పెట్టిన థర్మాసు, టీకాల పెట్టె ఒళ్ళె పెట్టుకున్న.

మా అత్తమ్మ నర్సమ్మ వచ్చి హ్యాండిలు వట్టుకున్నది. "బిడ్డా, దూరంకెళ్ళే ఏసి రా" అన్నది.

"దూరంకెళ్ళి టీకా ఎట్లేస్తరు అత్తమ్మా, గులేరుల రాయి వెట్టినట్టు కొడ్తరా?" అని నేను నవ్విన. ఆమె నవ్వలే.

మొరం బాట మొదలైనంక మా ఆయన ఒక్క మాట మాట్లాడలే, గంట ఒక్కటే మాట్లాడింది. మైసమ్మ బండ కాడ ఎవరైనా సైకిల్ దిగి, ఒక రాయి పెట్టి, నడిసి దాటాలె. అందరు ఒక రాయి పెడ్తరు, మా ఆయన నాలుగు పెట్టిండు. ఆ ముందట దిగుడుల చైను ఊడింది. పక్క పొదల ఏందో కదిలింది. "గంట నువ్వు కొట్టు, ఆపకు, నేను చైను ఎక్కిస్త" అన్నడు. ఎక్కియ్యవోతే చైను మూడుసార్లు జారింది. నేను ఏలు నొచ్చేదాక గంట కొట్టిన. పొదల ఉన్నది నెమలో, నక్కో, ఇప్పటికీ తెల్వదు.

రెండు గుట్టల నడుమ బాటకు అడ్డంగ ముండ్ల కంప ఏసి ఉన్నది. కంపకు యాపమండలు కట్టి ఉన్నయి. అంటే లోపలికి ఎవరు రావద్దు, లోపల అమ్మవారున్నదని. మా ఆయన దిగిండు. గంట ఆగిపోయింది. ఆ సప్పుడు ఆగినంక అడవి ఇంత పెద్దదా అనిపించింది నాకు.

"సువర్ణా, నాకు టీకా లేదు" అన్నడు.

పరాచికమనుకున్న. "మరి చేతి మీద మచ్చ?"

"అది పైసా. మా అమ్మ రాగి పైసా కాల్చి అతుకవెట్టింది. నౌకరీల తీసుకునేటప్పుడు చెయ్యి సూస్తరని."

అప్పుడు చెప్పిండు. ఆయనకు ముందు ఒక అన్న, ఒక అక్క ఉండేటోళ్ళట. నిజాం కాలంల సర్కారు మనిషి వచ్చి ఇద్దరికి టీకా ఏసిపోయిండు. నెల తిరక్కముందే ఇద్దరికీ అమ్మవారు పోసి, ఒక్క వారంల ఇద్దరూ పోయిన్రు. సూది ఏసినందుకే అమ్మవారికి కోపమొచ్చిందని మా అత్తమ్మ నమ్మింది. ఈయన పుట్టినంక టీకాలోడు ఊర్లెకొస్తే చాలు, గుమ్మిల కూసోవెట్టి మీద వడ్లు పోసేదట. నౌకరి వచ్చిన దినం, "ఎవరికన్న ఎయ్యి బిడ్డా, నువ్వు మాత్రం ఏసుకోకు" అని ఒట్టు వెట్టిచ్చుకున్నది.

నాకు చిన్నప్పుడే పడ్డది టీకా, నాకేం కాదు. ఈయన లోపలికి పోతే? పెండ్లయి రెండేండ్లన్న నిండలే. "సైకిల్ ఎనుకకు మర్లెయ్యి. అందరికీ ఏసినమని రాసుకో, పోదాం పా" అన్న. తప్పే. కానీ అన్న. ఆయన మర్లేసిండు గూడ.

"సారూ! గంట ఇనే వస్తున్న" అని కంప అవతలికెళ్ళి కేక ఇనవడ్డది. తండా నాయక్ మంగ్త్యా. గుడ్డేలుగు కోసం కొట్టిన గంట మనిషిని పిలుసుకొచ్చింది. పెద్దమనిషి, కండ్లు ఎర్రగున్నయి. "నా మనుమరాలికి పోసింది. ఇంకా నలభై మంది పోరగాండ్లున్నరు. ఆడోళ్ళు సూది అంటే పిల్లల్ని తీస్కొని గుట్ట ఎక్కుతమంటున్నరు. ముందుగాల నువ్వు ఏసుకో. మా కాడ వండినోడే ముందు తింటడు" అన్నడు.

మా ఆయన అంగీ చెయ్యి మడిచి మచ్చ సూపెట్టిండు. "నాకెప్పుడో పడ్డది."

మంగ్త్యా దగ్గరికొచ్చి ఏలుతోని తడిమిండు. "ఇది కాలిన మచ్చ సారూ. మా ఎడ్లకు మేం ఏస్తం గిసువంటివి."

ఇగ ఉరుకుతడనే అనుకున్న. ఉరికితే బాగుండు అని గూడ అనుకున్న. ఆయన పోయి బండ మీద కూసున్నడు. పెట్టె తెరిసి నా చేతికిచ్చిండు. "నా చెయ్యి ఆగుతలేదు. నువ్వెయ్యి."

"నేనా? నీకేమన్న అయితే?"

"గాలి ఇప్పటికే తాకిందో ఏమో. ఇయ్యాల ఏసుకుంటే బతికేటందుకు రాస్త ఉన్నది. చెప్పినట్టు చెయ్యి."

అంచుకు ముండ్ల తీరు పండ్లున్న చిన్న బిళ్ళ అది. చేతి మీద మందు చుక్క ఏసి, బిళ్ళ ఆనిచ్చి తిప్పాలె. తిప్పిన. ఆయన కండ్లు మూసుకొని "అమ్మా" అన్నడు. నెత్తురు సన్నగ మెరిసింది. అప్పుడు నాకు పుట్టిన భయం పగోనికి గూడ వద్దు. ఈయన పోతే సంపింది నేనే అయిత గదా!

పొద్దు వాలేదాక తండా అంతటికీ ఏసినం. ఆడోళ్ళ మోచేతి మీది గాజులన్నీ పైకి నూకి నేను వట్టుకుంటే ఆయన ఏసిండు. ఒకామె బిడ్డను తీస్కొని గుడిసె ఎనుకకు పోయి, పొయ్యిల బూడిద తీసి ఆ పిల్ల చెయ్యి తుడువబోయింది. మా ఆయన ఉరికిండు. ఆయన ఒర్రంగ నేను ఇన్నది అదే మొదలు. "తుడువకు! ఆరనియ్యాలె. తుడిస్తే టీకా లేనట్టే!" మందు ఆరేదాక ఆ పిల్ల చెయ్యి ఇడువలే.

ఇంటికొచ్చినంక దినాలు లెక్కవెట్టుడు మొదలువెట్టిన. పదహారు దినాలు దాటితే బతికినట్టే అన్నడు. నాలుగో దినం చేతి మీద పొక్కు లేసింది. ఎనిమిదో దినం జరమొచ్చింది. ఒళ్ళు పెనం తీరు కాలుతున్నది. టీకా జరమో, అమ్మవారి జరమో ఎవరికి తెలుసు? పొద్దున్నే ఆయనను తలుపు కాడి వెలుతురుకు గుంజి, అరికాళ్ళు, అరచేతులు, నాలిక అన్నీ సూసేదాన్ని. చీమ కుట్టిన దద్దు కనవడ్డా పానం ఎగిరిపోయేది. అత్తమ్మ యాపమండలు పరిచింది. మంచం కాడ కూసొని నన్నే సూసేది. "ఇద్దరిని సర్కారోడు తీస్కపోయిండు. మూడోవాన్ని నువ్వు తీస్కపోతున్నవ్" అన్నది. ఆమె మాటే నిజమైతే ఏం చెయ్యాలె నేను?

పదో దినం జరం దిగింది. పదహారు దాటినయి. ఒంటి మీద ఇంకొక్క పొక్కు లేదు. చేతి మీద, పైసా మచ్చ పక్కపొంటి, చెక్కు రాలి గుంత వడ్డ కొత్త మచ్చ. పదిహేడో దినం ఆయన సైకిల్ తుడుసుకొని, "జంటగుట్టల తండకు పోయొస్త, ఇంకెవరికి పోయలేదట, మంగ్త్యా మనుమరాలు గూడ లేసి తిరుగుతున్నదట" అని ఒక్కడే పోయిండు.

ఆ పగటీలి అత్తమ్మ బాయి కాడ గిన్నెలు తోముతున్నది. నేను నీళ్ళు పోస్తున్న. ఆమె చెయ్యి ఆపింది.

"పిల్లా, టీకా ఏసినంక బూడిదతోని తుడిస్తే ఏమైతది?"

నేను ఏం ఆలోచన చెయ్యలే. మొగని గొప్ప చెప్పుకోను దొరికింది గదా అని తండల జరిగిన కథంతా చెప్పిన. ఆ ఆడామె ఎట్ల తుడువబోయింది, ఈయన ఎట్ల ఒర్రిండు. "తుడిస్తే టీకా లేనట్టే అత్తమ్మా. ఏసినా ఎయ్యనట్టే."

ఆమె చేతిల బూడిద ఉన్నది. దాన్నే సూసుకుంట కూసున్నది.

"ఇద్దరికీ తుడిసిన" అన్నది. "ఆ టీకాలోడు గడప దాటంగనే తుడిసిన. మంచిగ, రెండుసార్లు తుడిసిన."

చెప్పకముందే నా నోరు వడిపోతే బాగుండు అనిపించింది. చెప్పకపోతే నాదేం పోయేది?

దూరంగ రోడ్డు మలుపు కాడ సైకిల్ గంట ఇనవడ్డది. ఊరు వచ్చినా కొడుతనే ఉన్నడు, పిరికోడు.

"ఆనికి చెప్పకు బిడ్డా" అన్నది అత్తమ్మ. నేను నీళ్ళు పోసిన. ఆమె చేతులు కడుక్కున్నది. బూడిద పోయినంక గూడ కడుగుతనే ఉన్నది.

ఆమె బతికున్నన్ని దినాలు చెప్పలే. ఆమె పోయినంక గూడ ఆయనకు చెప్పలే.